రాసినవీ, వేసుకున్నవీ

జూన్ 9, సోమవారం

చెల్లెలు చిట్టిని ఆసుపత్రిలో చేర్చాం. నాలుగు రోజులుగా జ్వరం, ఈ పొద్దున్నుంచి ఆయాసం. ఊపిరితిత్తులకు నెమ్ము చేరిందన్నారు. ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం. దుప్పటి ఒక మూల చిరిగి ఉంది. మార్చమన్నాను, మార్చారు.

సామాన్లు సర్దుతుండగా కళ్ళద్దాల పిల్ల ఒకతె వచ్చింది. వచ్చిన రోగి ఇంట్లో ఏ మందులు వాడుతున్నదీ రాసుకోవడం ఆమె ఉద్యోగమట. ఇక్కడిచ్చే మందులతో అవి పొసగుతాయో లేదో చూస్తారు, ఇంటికి పంపేటప్పుడు మళ్ళీ ఒకసారి సరిచూస్తారు. మంచి ఏర్పాటు. చేతిసంచీలోంచి నా జాబితా తీసిచ్చాను. మందు పేరు, మోతాదు, ఏ పూట, తిండికి ముందో తర్వాతో, ఏ డాక్టరు ఎప్పుడు మొదలుపెట్టారో, ఎప్పుడు పెంచారో అన్నీ అందులో ఉన్నాయి.

ఆ పిల్ల రెండుసార్లు చదివింది.

"ఉద్యోగంలో చేరాక ఇలాంటిది చూళ్ళేదండీ! అందరూ తెల్లదొకటి, గులాబీరంగుదొకటి అంటారు. అడిగితే, తెల్లదంటే తెల్లదేనమ్మా అని నన్నే కసురుతారు."

"చాలా ఏళ్ళు బడి నడిపినదాన్నమ్మా."

"ఇవన్నీ డాక్టరు రాసినవా అండీ, ఆవిడ వేసుకుంటున్నవా?"

"రెండూ ఒకటే."

"అంటే కొందరి ఇళ్ళల్లో..."

"కొందరి ఇళ్ళ సంగతి నాకు తెలియదు. మా ఇంట్లో రెండూ ఒకటే."

మంచం మీంచి చిట్టి నా చెయ్యి పట్టుకుని లాగింది. "అక్కా..." అంది. మాట్లాడితే ఆయాసం పెరుగుతుందని చెప్పి పడుకోబెట్టాను. ఆ పిల్ల వంగి దాన్నే ఏదో అడగబోయింది. దానికి మందుల పేర్లు నోరు తిరగవని, ఏం కావాలన్నా నన్నే అడగమని అన్నాను. అడిగింది. అన్నిటికీ జవాబు చెప్పాను.

ఇంటికొచ్చి టీ పెట్టుకుంటే, అలవాటు కొద్దీ రెండు కప్పులకు నీళ్ళు పోశాను.

జూన్ 10, మంగళవారం

పొద్దున మందులిచ్చే నర్సు గట్టి మనిషి. మాత్ర వేశాక నోరు తెరిపించి, నాలుక ఎత్తించి మరీ చూస్తుంది. పని అంటే అలా ఉండాలి.

"వీళ్ళు నీకంటే ఘోరం అక్కా" అంది చిట్టి. నవ్వబోయి దగ్గింది.

"నేనెప్పుడైనా నోరు తెరవమన్నానా? నీ మీద నాకు నమ్మకం ఉంది కనుక అనలేదు."

కిటికీ వైపు తిరిగింది. జ్వరానికి కళ్ళు మండుతున్నాయి కాబోలు.

ఇంట్లో మూడు పూటలకూ మూడు చిన్న గిన్నెలు. నేను మాత్రలు గిన్నెలో వేస్తాను, అది నోట్లో వేసుకుంటుంది, గ్లాసు ఖాళీ అయ్యాక నేను టిక్కు పెడతాను. అది నా ఇంటికొచ్చి ఆరేళ్ళు. వాళ్ళాయన చనిపోయిన నెలలోనే తీసుకొచ్చేశాను. ఈ ఆరేళ్ళలో ఒక్క టిక్కు తప్పలేదు. ఈమధ్య గ్లాసు కూడా తనే వెంటనే తీసుకెళ్ళి కడిగేస్తోంది. డెబ్బై దాటాక ఆ బుద్ధి పుట్టింది. మనవరాలికి చెప్పాను కూడా, మీ చిన్నమ్మమ్మను చూసి నేర్చుకో అని.

జూన్ 11, బుధవారం

జ్వరం తగ్గింది. మనిషి మగతగా ఉంది.

నవల పట్టుకెళ్ళాను. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఇంట్లో చదివినట్టే ఇక్కడా చదువుదామని. దానికి కళ్ళు ఆనవు, వినడం ఇష్టం. ఒక పేజీ చదివానో లేదో కళ్ళు మూతలు పడ్డాయి. పుస్తకం మూసేశాను.

ఆ చప్పుడుకి ఉలిక్కిపడింది. "లేదక్కా, వింటున్నా. పడవాయన కూతురు ఉత్తరం చింపేసింది."

"అది పోయిన వారం చదివింది."

"అవునా."

చలికాలంలో కూడా ఇంతే. రోజూ కునికిపాట్లు. నిద్రపోయేదానికి పుస్తకం ఎందుకని అప్పుడు గట్టిగా చీవాట్లు పెట్టాను. తర్వాత బాగుపడింది. ఎండాకాలమంతా కళ్ళు విప్పుకుని కూర్చుని "తర్వాతేమైంది, తర్వాతేమైంది" అని నన్ను నిలవనిచ్చేది కాదు. ఇప్పుడు మళ్ళీ మొదటికొచ్చింది. జ్వరం వల్లే.

జూన్ 12, గురువారం

నాడి నెమ్మదిగా కొట్టుకుంటోందట. గమనిస్తున్నామన్నారు.

జూన్ 13, శుక్రవారం

చిట్టి పడిపోయింది.

జూన్ 14, శనివారం

నిన్న రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తాను.

ఆయా చెయ్యి పట్టుకునే స్నానాలగదికి తీసుకెళ్తోంది. గుమ్మం దగ్గర కళ్ళు చీకట్లు కమ్మి కూలిపోయింది. తుంటి ఎముక విరిగింది. నాడి చూస్తే మనిషికి ఉండాల్సిన దాంట్లో సగం. రక్తపోటుకని వాడే గుండె మాత్ర వెంటనే ఆపేశారు. నాడి సర్దుకున్నాక ఆపరేషన్ అన్నారు.

నేను నర్సుల బల్ల దగ్గరికి వెళ్ళాను.

"ఎవరి మందు ఎవరికిచ్చారు?" అని అడిగాను.

పెద్ద నర్సు కాగితం తీసి, వేలు పెట్టి ఒక్కో వరుసా చూపించింది. "మీ జాబితాలో ఉన్నవే ఇచ్చామండీ. కొత్తగా రాసినవి జ్వరానికీ దగ్గుకీ మాత్రమే."

"అయితే మోతాదు తప్పి ఉంటుంది."

"మోతాదు కూడా మీరు రాసిందేనమ్మా."

నా కాగితం, వాళ్ళ కాగితం పక్కపక్కన పెట్టి నేనే సరిచూశాను. తేడా లేదు. అయినా, మందులిచ్చిన నర్సు ఏదో పొరపాటు చేసే ఉంటుందని, అది ఎక్కడా రాసి ఉండదని, వార్డంతా వినేలా అన్నాను. నోరు తెరిపించి చూసే ఆ గట్టి నర్సు అక్కడే నిలబడి ఉంది.

సాయంత్రం మనవరాలు వచ్చింది. అప్పటికే ఎవరో చెప్పేశారు.

"అమ్మమ్మా, వాళ్ళతో పోట్లాడితే చిన్నమ్మమ్మ లేచి నడుస్తుందా?"

"నేను పోట్లాడలేదు. అడిగాను."

"నువ్వు అడిగితే ఎదుటివాళ్ళకి అలాగే ఉంటుందిలే."

ఆ నోరు వాళ్ళ నాన్నమ్మ వైపు నుంచి వచ్చింది.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అన్నీ సరిగ్గా ఉంటే మనిషి ఎందుకు పడుతుంది?

జూన్ 15, ఆదివారం

కళ్ళద్దాల పిల్ల మళ్ళీ వచ్చింది. నన్ను వరండాలో కూర్చోబెట్టింది.

"ఇంట్లో ఈ గుండె మాత్ర రోజూ వేసుకునేవారా అండీ?"

"రోజూ ఇచ్చాను."

"ఇచ్చారు, సరే. వేసుకునేవారా?"

"నా కళ్ళెదుటే."

"ఇంత మోతాదు ఇన్ని నెలలుగా అలవాటైన మనిషికి ఇక్కడికి రాగానే నాడి ఇలా పడిపోవడం అర్థం కావట్లేదండీ. నీరసం వల్ల కావచ్చు. కాకపోనూ వచ్చు."

ఆ మోతాదు ఎందుకు పెరిగిందో జాబితాలోనే ఉందని చూపించాను. చలికాలంలో దాని రక్తపోటు రోజూ చూసి, అంకెలన్నీ పట్టుకెళ్ళి డాక్టరు ముందు పెట్టింది నేనే. అవి చూసే ఆయన మాత్ర రెట్టింపు చేశారు. ఆ తర్వాత ఒకసారి చిట్టి మగతగా ఉంటోందని ఆయనతో ఏదో గొణిగింది. వయసు మీద పడితే మగత ఉండదా అన్నాను. ఆయనా తలూపారు. రక్తపోటు మాత్రం అప్పటికి దిగింది.

ఆ మగత సంగతి ఆ పిల్లకి చెప్పాల్సిన పని లేదు. చెప్పలేదు.

ఇచ్చాను. ఒక్క రోజు మానకుండా ఇచ్చాను.

జూన్ 16, సోమవారం

ఆపరేషన్ అయింది. బాగానే అయిందన్నారు.

లోపలికి తీసుకెళ్ళే ముందు చిట్టి నా వేళ్ళు పట్టుకుంది.

"తిట్టనంటే ఒకటి చెప్తానక్కా."

"వచ్చాక చెబుదువుగాని. ఇప్పుడు గుండె దిటవు చేసుకో."

"నా గుండె సంగతేనే."

చక్రాల మంచం కదిలిపోయింది. అలాంటప్పుడు కూడా దానికి వేళాకోళమే.

జూన్ 17, మంగళవారం

కళ్ళు తెరిచింది. నన్ను గుర్తుపట్టింది. ఏం చెప్పాలనుకున్నావని నేను అడగలేదు. అలిసిపోయి ఉంది పాపం.

జూన్ 18, బుధవారం

అడగలేదు. ఇంకా నీరసంగానే ఉంది.

జూన్ 20, శుక్రవారం

మనవరాలు అంది: "చిన్నమ్మమ్మ నీతో ఏదో చెప్పాలంటోంది."

"చెప్తుందిలే. ఎక్కడికి పోతుంది?"

"నువ్వు ఆవిడ పక్కన కూర్చున్నావు, కాదన్ను. కూర్చుని దుప్పట్లు మడతపెడతావు, సీసాలు తుడుస్తావు, నర్సులకి పాఠాలు చెప్తావు. ఆవిడ నోరు తెరిస్తే థర్మామీటరు పెడతావు. ఎప్పుడు చెప్పాలి?"

నర్సులకు నేనేమీ పాఠాలు చెప్పలేదు. సీసాల మీద తేదీలు కనబడేటట్టు తిప్పి పెట్టమన్నాను, అంతే.

జూన్ 23, సోమవారం

రేపు పంపేస్తారు. నడవలేదు. నడుస్తుందని ఎవరూ అనడం లేదు కూడా.

రక్తపోటు మళ్ళీ పెరిగింది. కుర్ర డాక్టరు వచ్చి, ఇంట్లో ఇన్నాళ్ళూ సరిపడిన మోతాదే కదా, గుండె మాత్ర మళ్ళీ అదే మొదలుపెట్టండని చెప్పి వెళ్ళాడు. ఇంటికి తీసుకెళ్ళే జాబితా కళ్ళద్దాల పిల్ల తయారుచెయ్యాలి. ఆమె వచ్చి, అవతలి భవనంలో ఎక్స్‌రే కాగితాలు ఉన్నాయి, తెచ్చిపెడతారా అని నన్నడిగింది. వెళ్ళాను. పెద్ద వరుస ఉంది. నిలబడి తెచ్చాను.

తిరిగి వచ్చేసరికి ఆ పిల్ల చిట్టి మంచం మీద కూర్చుని ఉంది. చిట్టి ఏడుస్తోంది.

"ఇవిగో ఎక్స్‌రేలు" అన్నాను.

"అవి నాకు అక్కర్లేదండీ. మిమ్మల్ని కాసేపు బయటికి పంపాలని అలా చెప్పాను. ఏమీ అనుకోకండి. కూర్చోండి."

నిలబడే విన్నాను.

మాత్ర రెట్టింపు చేసిన కొత్తల్లో కొన్నాళ్ళు చిట్టి మొత్తం మింగింది. తర్వాత సగం కొరికి, ఆ సగమే మింగి, మిగతా సగం బుగ్గన పెట్టుకునేది. గ్లాసు కడిగే వంకతో లోపలికెళ్ళి ఉమ్మేసేది. ఇన్ని నెలలుగా అది వేసుకున్నది పాత మోతాదే. ఒంటికి పడింది కూడా ఆ పాత మోతాదే. ఇక్కడ నా జాబితా చూసి పూర్తి మాత్ర ఇచ్చారు, నోరు తెరిపించి మరీ. అప్పటికే జ్వరంతో నీరసించి ఉన్న మనిషికి.

నేను చిట్టిని ఒక్కటే అడిగాను.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పానే అక్కా. డాక్టరు దగ్గర చెప్పా. ఇక్కడ చేరిన రోజు చెప్పబోయా. ఆపరేషన్ ముందు..." అంటూ ఏడుపులో ఆగిపోయింది.

ఆ పిల్ల డాక్టరుతో ఫోనులో మాట్లాడి, పాత వరుస కొట్టేసి, సగం అని రాసింది. చూసుకునేవారి సంతకం అన్నచోట నన్ను సంతకం పెట్టమంది. పెట్టాను. నా సంతకంలా లేదు.

రెండు వారాల తర్వాత ఫోన్ చేస్తానంది, మందులు ఎలా పడుతున్నాయో కనుక్కోవడానికి.

వెళ్తూ నర్సుల బల్ల దగ్గర ఆగాను. గట్టి నర్సు ఎవరికో కట్టు కడుతోంది. కొంతసేపు నిలబడి వచ్చేశాను.

జూన్ 24, మంగళవారం

ఇంటికి తెచ్చాం. ముందుగది కిటికీ కింద మంచం వేశాం.

జూన్ 25, బుధవారం

పనులు చేస్తున్నాను. మాట్లాడలేదు.

నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకి చెప్పింది. తోడబుట్టినదాన్ని, నాకు చెప్పలేదు. నన్ను బయటికి పంపి చెప్పింది.

జూన్ 26, గురువారం

ఇవాళ కూడా మాట్లాడకూడదనే అనుకున్నాను. పొద్దున చిన్న కత్తి తెచ్చి, చెక్క పలక మీద పెట్టి మాత్రను నడిమికి కోస్తున్నాను. ఒక సగం ఎగిరి మంచం కింద పడింది. వంగి వెతుకుతుంటే పైనుంచి చిట్టి అంది:

"కత్తెందుకక్కా? నా పళ్ళు అరిగిపోలేదుగా. సరిగ్గా సగానికి కొరుకుతా, కావలిస్తే కొలుచుకో."

నవ్వు వచ్చింది. నవ్వకూడదనుకుంటూనే, మంచం కింద అలా వంగి ఉండగానే నవ్వాను. అదీ నవ్వింది. పడిన సగం దొరికింది, తుడిచి గిన్నెలో వేశాను.

చివరికి అడిగాను. మగతగా ఉంటే ఉండనీ, పడుకునేదానివి. ఇంత దొంగతనం ఎందుకు చేశావని.

చెప్పింది. అది అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను.

"ఆ మాత్ర మొత్తం వేసుకుంటే మధ్యాహ్నానికి కళ్ళు నిలిచేవి కావే. నువ్వు చదువుతుంటే నిద్ర ముంచుకొచ్చేది. నువ్వు టప్పున పుస్తకం మూసి లేచిపోయేదానివి. పొద్దున లేస్తే నువ్వు నాకు పనులు చెప్తావు, మందులు చెప్తావు, తప్పులు చెప్తావు. ఆ ఒక్క గంటే నువ్వు నాకు కథ చెప్పేది. అది పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది."

పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి మీద పాలు లేవు.

జూన్ 27, శుక్రవారం

ఏమీ రాయాలని లేదు.

జూన్ 29, ఆదివారం

బళ్ళో పేర్లు పిలిచేటప్పుడు పిల్లలందరూ "వచ్చానండీ" అనేవారు. నేను టిక్కు పెట్టేదాన్ని. ఆ టిక్కు పిల్ల బల్ల మీద కూర్చున్నందుకే గాని, పాఠం చెవిన పడినందుకు కాదని నాకు తెలుసు. కొత్తగా చేరిన టీచర్లకు నేనే చెప్పేదాన్ని, పుస్తకం వైపు కాదు, మొహాల వైపు చూడండని. ఇంటికొచ్చి నేను గ్లాసు వైపు చూశాను.

మనవరాలికి ఈ మాట చెబితే, నన్ను ఏదో ఒకటి అంటుందనుకున్నాను. అనలేదు. నా పక్కన వచ్చి కూర్చుంది. ఏదైనా అని ఉంటే బాగుండేది.

జూలై 1, మంగళవారం

చిట్టికి మళ్ళీ ఆయాసం. డాక్టరు ఇంటికొచ్చి చూశాడు. మంచంలో కదలకుండా ఉన్నందువల్ల నెమ్ము తిరగబెట్టిందట, గుండె కూడా అలిసిపోయిందట. ఆసుపత్రికి తీసుకెళ్ళినా పెద్దగా చేసేదేమీ ఉండదని, అది అడిగితే మాత్రం తీసుకెళ్ళమని అన్నాడు.

ఈసారి దాన్నే అడిగాను. అడిగి, ఊరుకున్నాను. జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. ఊపిరి కూడదీసుకుని చెప్పాలి కదా.

"ఇక్కడే అక్కా. అక్కడ నోరు తెరవమంటారు."

జూలై 3, గురువారం

నవల మళ్ళీ తీశాను. ఉత్తరం చింపేసిన చోటి నుంచి మొదలుపెట్టాను. కూతురు ఇల్లు వదిలి వెళ్ళే ఘట్టం వచ్చేసరికి దానికి కళ్ళు మూతలు పడ్డాయి. నేను ఆగాను.

"నిద్రపోయినా ఆపకే" అంది కళ్ళు తెరవకుండానే.

"నిద్రలో ఏం వింటావు?"

"కథ కాకపోతే నీ గొంతు వింటా. తిట్టకుండా ఉన్న గొంతు."

చదివాను. అధ్యాయం అయిపోయేదాకా చదివాను. గురక పెట్టింది కూడా.

జూలై 4, శుక్రవారం

చదివాను. మధ్యలో ఒకసారి లేచి, "పడవాయన వెతకడానికి వెళ్ళాడా?" అంది. "వెళ్ళాడు" అన్నాను. ఇంకా వెళ్ళలేదు. నలభై పేజీల తర్వాత గాని వెళ్ళడు, ముందే చూసుకున్నాను. ఊరికే అలా చెప్పేశాను.

జూలై 5, శనివారం

చదివాను.

జూలై 6, ఆదివారం

మధ్యాహ్నం చదువుతుండగా పోయింది. ఏ వాక్యం దగ్గరో తెలియదు. నేను పేజీ వైపు చూస్తున్నాను.

జూలై 8, మంగళవారం

నిన్న దహనం అయింది. మనవరాలు నా దగ్గరే ఉంటోంది.

పొద్దున ఫోను మోగింది. కళ్ళద్దాల పిల్ల.

"నమస్తే అండీ. మీ చెల్లెలుగారి మందుల గురించి చేశాను. ఇప్పుడు ఆవిడ ఏమేం వేసుకుంటున్నారు?"

"ఏమీ వేసుకోవడం లేదమ్మా."

ఆ పిల్లకి అర్థమైంది. ఎప్పుడండీ అంది. చెప్పాను.

"చివరిదాకా సగమే ఇచ్చాను" అన్నాను. "అది మింగడం చూశాను."

"నాకు తెలుసండీ."

"నీకెలా తెలుస్తుంది? నేను చెప్తున్నాను కనుక రాసుకో. ఇంకొక్క మాట. మీ వార్డులో నోరు తెరిపించి చూసే నర్సు ఉంది. ఆ అమ్మాయి ఏ తప్పూ చెయ్యలేదని చెప్పు. వార్డంతా వినేలా నేను అన్న మాటకి, వార్డంతా వినేలా చెప్పు."

"తప్పకుండా చెప్తానండీ." ఆ వెంటనే, "మీరు ఏమైనా మందులు వాడుతున్నారా అండీ?" అంది.

"రాసినవి రెండు ఉన్నాయి. రాత్రిది నేను సరిగ్గా వేసుకోవడం లేదు."

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మనవరాలు గుమ్మంలో నిలబడి విని, తల తిప్పి నా వైపు చూసింది.

మధ్యాహ్నం భోజనమయ్యాక పుస్తకం తీసుకుని ముందుగదిలోకి వెళ్ళాను. మంచం తీసేశారు, కిటికీ కింద నేల మీద దాని నాలుగు కోళ్ళ గుర్తులున్నాయి. కుర్చీ అక్కడే వేసుకున్నాను. పడవాయన ఇవాళ కూతుర్ని వెతకడానికి బయలుదేరాడు. తర్వాతేమైందని ఎవరూ అడగలేదు. గొంతు తగ్గించకుండా అధ్యాయం చివరిదాకా చదివాను.